అన్నీ కనిపించే కోడలికి అత్త మాత్రం కనిపించదు

అతీంద్రియ శక్తుల సీరియల్ మీద ఎవరైనా చిన్న సందేహం లేవనెత్తితే చాలు, టీవీ పరిశ్రమ దగ్గర జవాబు తయారుగా ఉంటుంది: "దెయ్యం కథలో లాజిక్కేంటండీ?" ఈ ఒక్క మాట చాటున దాక్కున్న పాపాల లెక్క తేల్చాలంటే చిత్రగుప్తుడికి కూడా ఓవర్‌టైమ్ తప్పదు. పాము ఆడమనిషిగా మారుతుందని ఒకసారి ఒప్పుకున్న పాపానికి, ఆ పాము మూడు కోణాల్లో మూడుసార్లు ఉలిక్కిపడటాన్నీ, ఆ ఉలికిపాటుకు ఇంటిల్లిపాదీ విడివిడిగా కళ్ళు పెద్దవి చేయడాన్నీ కూడా ఒప్పుకోవాలట. నిజానికి ప్రేక్షకుడు పాము మీద అభ్యంతరం చెప్పడమే లేదు. అది మనిషయ్యాక మనిషిలా ఎందుకు లేదన్నదే అతని బాధ.

హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమా బస్తీ వాళ్ళ దగ్గర ఈ వాదన చెల్లదు. వాళ్ళ నెత్తి మీదే ఫలక్‌నుమా కొండ ఉంది. పాయ్‌గా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ ప్యాలెస్ ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికొచ్చింది. 1911లో ఆయన కన్నుమూసిందీ అక్కడే. పాముకాటుకు ఆయన పేరే మందని హైదరాబాద్ ఇప్పటికీ చెప్పుకుంటుంది. కాటు తిన్నవాడు ఏ అర్ధరాత్రి వచ్చినా సరే తనను నిద్రలేపాలని పాషా హుకుం జారీ చేశాడంటారు. (పాము కరిస్తే పాషాను తలుచుకున్నా తప్పులేదు, కానీ వెళ్ళాల్సింది మాత్రం ఆసుపత్రికి.)

నమ్మకం సంగతి అలా ఉంచి కథగా చూస్తే ఇందులో దేనికీ లోటు లేదు. పాషా తొడిగిన బట్ట మళ్ళీ తొడగడని పేరు. పురానీ హవేలీలో హాలు పొడవునా బట్టల అల్మారాలే. అలాంటి విలాసపురుషుడు ఎవడో కూలివాడి కాలి మీది రెండు గాట్ల కోసం నిద్ర పాడుచేసుకుంటాడు. శక్తి ఏమిటో తెలిసింది, దానికి ఆయన చెల్లించే వెల తెలిసింది, అది ఎలాంటి మనిషి చేతిలో ఉందో తెలిసింది. అంతా నాలుగు వాక్యాల్లో. యాడ్ బ్రేక్ లేకుండా.

ఇక 'త్రినయని' దగ్గరికి వద్దాం. 2019లో బెంగాలీలో వచ్చిన సీరియల్‌ను జీ తెలుగు 2020 మార్చిలో మన ఇళ్ళకు తెచ్చింది. కథానాయిక నయనికి రాబోయే ఆపదలు ముందే కనిపిస్తాయి. ఆ నెలాఖరులోనే దేశమంతా లాక్‌డౌన్ పడి షూటింగులు ఆగిపోతాయని మాత్రం ఆమె కంటికి ఆనలేదు. పోనీ, అది ఆమె పరిధి కాదనుకుందాం. ఆమె పరిధి ఇల్లు. ఆ ఇంట్లోనే, భర్త విశాల్‌కు తల్లి స్థానంలో, ప్రేమ ఒలకబోస్తూ ఆస్తి కోసం పన్నాగాలు పన్నే తిలోత్తమ ఉంటుంది. ఆమెకు దివ్యదృష్టి లేదు, పూర్వజన్మ జ్ఞాపకం లేదు, నాగబంధం అంతకన్నా లేదు. అయినా ఈ కోడలి కళ్ళ ముందే అత్త వెయ్యి ఎపిసోడ్లు దాటేదాకా కథను లాక్కెళ్ళింది. పాతబస్తీ ముసలమ్మ ఎవరైనా అడిగేస్తుంది: "ఏం పిల్లనే ఇది? మూడో కన్నున్నదంటరు, ఎదురుంగున్న అత్త కనవడ్తలేదా?"

అసలు గుట్టు ఇక్కడే ఉంది. నయని చూపు కరెంటు కోతల నాటి బల్బులా పనిచేస్తుంది. ఎప్పుడు వెలుగుతుందో, ఎప్పుడు ఆరిపోతుందో ఇంట్లోవాళ్ళ చేతిలో ఉండదు, సబ్‌స్టేషన్‌లో ఉంటుంది. ఆ సబ్‌స్టేషన్ పేరు టీఆర్పీ. గురువారం బార్క్ సంస్థ రేటింగుల అంకెలొస్తాయి; ట్రాక్ సాగదీయాలా, లీప్ వేయాలా అన్నది వాటిని బట్టే. హుక్ కావాలంటే సగం దృశ్యం కనిపిస్తుంది, ముఖం మాత్రం మసక. రహస్యం బయటపడే రోజున దృశ్యమే కనిపించదు. శక్తి కథకుడి అవసరాన్ని బట్టి మారుతుంటే ఆ శక్తి ఉన్న మనిషికి చేయడానికి ఏం మిగులుతుంది? కంగారు పడటం, గుడికి పరిగెత్తడం, భర్తకు చెప్పబోయి ఆగిపోవడం.

ఆ పక్కన తిలోత్తమను చూడండి. ఆమె ఆలోచిస్తుంది, తప్పటడుగు వేస్తుంది, దాన్ని కప్పిపుచ్చుకుంటుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. పవిత్ర జయరాం ఆ పాత్రను చిన్న చిరునవ్వుతో, వెంటనే బిగిసే దవడతో నిలబెట్టింది. 2024 మేలో ఆమె రోడ్డు ప్రమాదంలో చనిపోయినప్పుడు తెలుగు ఇళ్ళలో జనం సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు. విలన్ పాత్ర వేసిన నటి కోసం! కథలో మనిషి అనిపించేది ఎవరో ప్రేక్షకులకు బాగానే తెలుసు.

రోజూ తీసే సీరియల్‌లో కట్టుబాట్లు కుదరవండీ అంటారు. కానీ చందమామ పత్రికలో బేతాళుడు దశాబ్దాల పాటు నెలనెలా చెట్టెక్కాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది, నోరు తెరిస్తే శవం మాయమవుతుంది. ఈ షరతును సడలించలేదు. సడలించకపోవడం వల్లే విక్రమార్కుడి స్వభావం ప్రతిసారీ పరీక్షకొచ్చింది: న్యాయం తెలిశాక నోరు మూసుకోలేని మనిషి, ఆ గుణం వల్లే ఓడిపోతూ మళ్ళీ శవాన్ని భుజాన వేసుకుంటాడు.

అమెరికాలో రక్తపిశాచాలను వేటాడే అమ్మాయి కథ 'బఫీ ద వాంపైర్ స్లేయర్'ది మరో దారి. 2001 ఫిబ్రవరిలో వచ్చిన 'ద బాడీ' ఎపిసోడ్‌లో బఫీ ఇంటికి వచ్చేసరికి తల్లి సోఫాలో చనిపోయి ఉంటుంది. ఏ పిశాచమూ చంపలేదు. మెదడులో రక్తనాళం చిట్లింది. లోకాన్ని ఎన్నోసార్లు కాపాడిన పిల్ల అంబులెన్స్‌కు ఫోన్ చేసి, ఏం చేయాలో తోచక నిలబడుతుంది. నేపథ్య సంగీతం లేదు. వెయ్యేళ్ళు రాక్షసిగా బతికి ఇప్పుడు మనిషైన అన్యాకు చావింట్లో ఎలా మసలుకోవాలో తెలియదు. బఫీ తల్లి మళ్ళీ తన శరీరంలోకి ఎందుకు రాలేకపోతోందని చిన్నపిల్లలా ఏడుస్తుంది. మన దగ్గరైతే ఈలోపు పదిసార్లు ఉరుము ఉరిమేది, పదకొండోసారికి తల్లి లేచి కూర్చునేది.

మనవాళ్ళకు చేతకాక కాదు. 2022 నాటి 'మసూద' సినిమాలో కుర్రాడు గోపి పరమ పిరికివాడు. అతని భయమే మనల్ని సీటు అంచుకు లాగుతుంది. 2023లో వచ్చిన 'దూత' వెబ్ సిరీస్‌లో పేపరు ముక్క మీద అచ్చయిందే జరిగి తీరుతుంది, ఆ నియమం ఆ విలేకరి గతాన్ని తవ్వుతుంది.

జోస్యం చెప్పే ఆడవాళ్ళూ మనకు కొత్త కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగం అనే జోస్యం వేడుకలో పచ్చికుండ మీద నిలబడ్డ జోగిని భక్తులను ఎదురుగానే నిలదీస్తుంది. పూజల్లో లోటెందుకు చేశారని గద్దిస్తుంది, వానల సంగతి చెబుతుంది. మంత్రులైనా చేతులు కట్టుకుని వినాల్సిందే. సీరియల్ జోస్యురాలికి మాత్రం కట్టుకున్న మొగుడితో ఒక్క మాట చెప్పే ధైర్యం రాదు.

ఇంకో చిక్కుంది. సీరియల్ కుటుంబం ఎప్పుడూ ఊరూ పేరూ లేని బంగ్లాలోనే ఉంటుంది. ఇరుగుపొరుగు ఉండరు. పాలవాడు రాడు, పక్కింటి పిల్లాడి బంతి గోడ దాటి పడదు. ఆ కుటుంబాన్ని ఒక్కసారి జహనుమాలో అద్దెకు దించి చూడాలి. అత్త పాలల్లో విషం కలిపితే ఆనుకున్న గోడ అవతలి ఖాలా "క్యా హువా?" అంటూ తలుపు తడుతుంది. మిద్దె మీద నాగిని రూపం మార్చుకుంటే పతంగులు ఎగరేసే పోరగాళ్ళు వీడియో తీసేస్తారు. కోడలికి వచ్చిన కల మధ్యాహ్నానికల్లా ఇంజన్ బౌలీ దాకా పాకి, సాయంత్రానికి నాలుగు సవరణలతో తిరిగొస్తుంది. అన్నీ తెలిసిన గల్లీలో ఆ అమ్మాయి ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు: భర్తకు చెప్పాలి, అత్తను నిలదీయాలి, లేదా సామాను సర్దుకోవాలి. అంటే రెండో ఎపిసోడ్‌కే ఆమె ఒక మనిషవుతుంది.

"మరి మిగతా తొమ్మిది వందల తొంభై ఎనిమిది ఎపిసోడ్లకు ఏం చేద్దామండీ?" అని అడుగుతాడు ఛానెల్ ఆయన.