మేత తప్ప ఇంకేమీ తోలని బండి

గంగవరం దిక్కున పాత ట్రాక్టరు ట్రైలరు ఒకటి కావాలని నోరు తెరిచి చూడండి. పుంగనూరు నుంచి కుప్పం దాకా ఉన్న బ్రోకర్లంతా ఒకే జాతి బండ్లు చూపిస్తారు. అవి పుట్టినప్పటి నుంచీ మేత తప్ప ఇంకేమీ తోలలేదు. ఇసుక మాటెత్తితే నొచ్చుకుంటాయి. ఇటుక మొహం ఎరగవు.

అడుగు రేకును సుత్తితో కొడితే సందుల్లోంచి ఇసుక రాలుతుంది. "చెనిక్కాయ కట్టెకు అంటుకొచ్చిన మన్ను సామీ!" ఇరుసు నడుమ వంగింది. "వరిగడ్డి తడిసిందంటే ఆ బరువు మాటలా అన్నా!" వెనక తలుపు నిండా సొట్టలు. "ఆవులు పొడిచినాయి."

ఈ వాంగ్మూలాలన్నీ నిజమైతే పలమనేరు డివిజను మేతతో మునిగిపోయుండాలి. ఎండలు ముదిరితే వరిగడ్డి లారీ కోసం రోడ్డు చూసే పాడి రైతు మరి ఎక్కడివాడో! మీటరు ఎత్తయినా ఎదగని పుంగనూరు ఆవు, ఇక్కడి మేత సంగతి ముందే తెలిసి పొట్టిగా ఆగిపోయిందేమో.

ఆస్ట్రియా, జర్మనీల్లో మేత బండి అంటే వేరే సంగతి. కోసి పడేసిన పచ్చికను తానే ఎత్తుకుని, కత్తులతో తరిగి, కొట్టం దగ్గర తానే దించుతుంది. పాతది కొనేవాడు దాని కత్తులు, అడుగు గొలుసులు అరిగాయా అని చూస్తాడు. మన దగ్గర ఎత్తేదీ, తరిగేదీ, దించేదీ చాలా ఇళ్లలో ఆడవాళ్లే. వాళ్ల నడుము అరిగిందా అని ఏ బేరంలోనూ అడగరు.

మనం చూసేది పెయింటు. చక్రాన్ని జాకీ మీద ఎత్తి ఊపితే బేరింగు గుట్టు తెలుస్తుంది. హుక్కు రంధ్రం కోలగా సాగిందంటే బండి ఎంతెంత బరువు మోసిందో తెలుస్తుంది. కానీ అంత నిగనిగలాడే ఎర్ర రంగు ముందు నిలబడి, వంగి కింద చూడడం మర్యాద కాదు గదా! వెల్డింగు అతుకులన్నీ ఆ రంగు కిందే సుఖంగా ఉంటాయి.

ఇక కాగితాలు. ట్రాక్టరు నంబరు వేరు, ట్రైలరు నంబరు వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, రాష్ట్రంలోనే చేతులు మారితే అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు చెప్పాలి. నంగలి అవతల ముళబాగిలు నుంచి వచ్చిన బండైతే కర్ణాటక ఎన్‌ఓసీ కూడా కావాలి. ఆర్సీలో పేరున్న పెద్దాయన స్వర్గస్థుడై ఏళ్లు గడిచినా, ఇక్కడ ఆయన బండి మాత్రం ఆయన పేరుతోనే పొలాలకు పోతుంటుంది. అడిగితే బ్రోకరు నవ్వుతాడు. "మేత బండిని ఎవరాపుతారన్నా?"

అడ్వాన్సు జేబులో పడ్డాక ఆ బ్రోకరే కాస్త దగ్గరికి జరుగుతాడు. "ఉండేది రెండావులే గదన్నా, మేతకు నెలకో ట్రిప్పు చాలు. మిగతా దినాలు బండిని ఊరికే పెట్టుకుంటావా? క్రషర్ మనోళ్లదే. కంకర లోడుకు నేను చెప్తాలే."