ఊళ్లో స్టేషన్ ఉందా, ముందు అది చూడు

అమెరికా నడిమి రాష్ట్రాల్లో సీటొచ్చిన పిల్లలు నాకు ఫోన్ చేసి, "అంకుల్, మూడు యూనివర్సిటీల నుంచి వచ్చింది, దేంట్లో చేరమంటారు?" అని అడుగుతుంటారు. నేను ర్యాంకు అడగను, ఫీజు అడగను. ఆ ఊళ్లో రైల్వే స్టేషన్ ఉందా అని అడుగుతాను. రైల్వేలో గార్డుగా 34 ఏళ్లు చేసినవాణ్ణి కాబట్టి అలాగే అంటాననుకుంటారు. కాదు నాయనా. మిస్సోరీలోని వారెన్స్‌బర్గ్‌లో మా అబ్బాయి గదిలో ఒక చలికాలమంతా ఉన్నాను. సెలవులొస్తే ఆ పిల్లలు షికాగోకీ సెయింట్ లూయిస్‌కీ ఎన్ని తంటాలు పడి వెళ్తున్నారో కళ్లారా చూశాను. అది చూశాక చెబుతున్న మాట ఇది.

వారెన్స్‌బర్గ్ చిన్న ఊరు. మన పిల్లలు చాలామంది చదువుకునే సెంట్రల్ మిస్సోరీ యూనివర్సిటీ అక్కడిదే. సెయింట్ లూయిస్, కాన్సాస్ సిటీల మధ్య తిరిగే మిస్సోరీ రివర్ రన్నర్ రైలు ఆ ఊళ్లో ఆగుతుంది. ఆ ఒక్క కారణం చాలు, అక్కడ చేరడానికి. ఇల్లినాయ్‌లో అయితే షాంపేన్, నార్మల్, కార్బొండేల్ ఉన్నాయి. మిషిగన్‌లో ఆన్ ఆర్బర్, కలమజూ ఉన్నాయి. అన్నింటికీ బండి ఉంది. మాడిసన్ గొప్ప చదువుల ఊరే, కాదనను. కానీ అక్కడికి పాసింజరు బండి రాదు. దానికి ముప్పై మైళ్ల దూరంలో, అదే విస్కాన్సిన్‌లో, కొలంబస్ అనే చిన్న ఊరికి వస్తుంది. ఒహాయోలోని పెద్ద కొలంబస్ సంగతి ఇంకా బాధాకరం. ఆ రాష్ట్ర రాజధానిలో 1979 తర్వాత పాసింజరు బండి ఆగలేదు. మనవాళ్లు అన్ని వేల కుటుంబాలు అక్కడ ఎలా ఉంటున్నారో నాకు అర్థం కాదు. అటువంటి చోట సీటొస్తే ఒక సెమిస్టర్ ఆగి, స్టేషన్ ఉన్న ఊరికి మళ్లీ అప్లై చెయ్యి. ఆర్నెల్లలో మునిగిపోయేదేమీ లేదు.

ఇక కారు. అక్కడ దిగిన మూడో నెలకే నలుగురు కలిసి ఒక పాత కారు కొంటారు. వద్దు. ఆ డిసెంబరులో మేము నలుగురం సెయింట్ లూయిస్ నుంచి ఇంటర్‌స్టేట్ 70 మీద వస్తున్నాం. కొలంబియా దాటాం. రోడ్డు తడిసినట్టు నల్లగా మెరుస్తోంది. అది తడి కాదు, కంటికి ఆనని మంచుపొర. నడుపుతున్న పిల్లాడు బ్రేకు మీద కాలు పెట్టాడంతే, కారు గిర్రున ఒక చుట్టు తిరిగి రెండు దారుల నడుమ ఉన్న గడ్డిలోకి పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లాగే బండి వచ్చేదాకా రెండు గంటలు ఆ చలిలో కూర్చున్నాం. పిల్లాడి చేతులు వణుకుతూనే ఉన్నాయి, నా చేతులతో పట్టుకుని కూర్చున్నాను. వాళ్లమ్మకు ఈ సంగతి ఈరోజుకీ తెలియదు. రైలుకి స్టీరింగ్ ఉండదు నాయనా. అది పట్టా చూపించినట్టు పోతుంది. ఇరవై రెండేళ్ల పిల్లలకు అదే సరైన బండి.

విమానంలో అయితే గంటన్నరలో షికాగో అంటారు. ఆ లెక్క తప్పు, సరైన లెక్క నేను చెబుతాను. వారెన్స్‌బర్గ్ నుంచి చూస్తే కాన్సాస్ సిటీ విమానాశ్రయం ఆ ఊరికి అవతల, ఉత్తరాన ఉంది. గంటకు పైగా ఎవరి కారో ఎక్కాలి. రెండు గంటల ముందు చేరాలి. దిగాక ఓహేర్ నుంచి బ్లూ లైన్ రైలు పట్టుకుని ఊళ్లోకి రావాలి. అన్నీ కలిపితే ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో నువ్వు చేసేదేమిటి? నిలబడతావు, తనిఖీ చేయించుకుంటావు, మళ్లీ నిలబడతావు. అదే సెయింట్ లూయిస్ మీదుగా రెండు బండ్లు మారి వెళ్తే పది పదకొండు గంటలు. అందులో నాలుగు గంటలు చదువుకుంటావు, మూడు గంటలు నిద్రపోతావు, గంటసేపు అన్నం తింటావు, అరగంట అమ్మతో మాట్లాడతావు. గదిలో ఉన్నా ఈ పనులన్నీ చేసేవాడివే కదా? వాటిని ప్రయాణం కింద రాయకూడదు. తీసేస్తే మిగిలింది రెండు గంటల చిల్లర. విమానానికి ఆరు, రైలుకి రెండు. తొందరగా చేరేది ఏదో నువ్వే చూసుకో.

ఈ లెక్క అర్థమైతే తరువాతి మాట కూడా అర్థమవుతుంది. బండి ఎంత నిదానంగా పోతే నీకు అంత మంచిది. షికాగో, సెయింట్ లూయిస్‌ల మధ్య లింకన్ సర్వీస్ 2023 నుంచి గంటకు 110 మైళ్ల వేగంతో పోతోంది. రైల్వేవాడిగా సంతోషించాను. విద్యార్థిగా నీకు దాంతో పనిలేదు. ఆ వేగంలో ఒక అధ్యాయం తగ్గుతుంది. పరీక్షల ముందు షికాగో వెళ్లాల్సి వస్తే అసలు తూర్పుకి బయలుదేరకు. ముందురోజే పడమటికి, కాన్సాస్ సిటీకి వెళ్లు. స్నేహితుల గదిలో పడుకుని పొద్దున్నే సౌత్‌వెస్ట్ చీఫ్ ఎక్కు. అది లాస్ ఏంజెలెస్ నుంచి రెండు వేల మైళ్లకు పైగా నడిచి వచ్చే బండి. అద్దాల పెట్టె ఒకటి ఉంటుంది, అందులో బల్ల దగ్గర కూర్చో. సిబ్లీ దగ్గర మిస్సోరీ నది దాటుతుంది. ఫోర్ట్ మాడిసన్ దగ్గర మిసిసిపి దాటుతుంది. 1927లో కట్టిన ఆ వంతెన రెండంతస్తులది. పైన కార్లు, కింద రైళ్లు. పడవలొస్తే నడిమి భాగం మొత్తం పక్కకు తిరుగుతుంది. నదిలో వచ్చేవాళ్లదే ముందు హక్కు, రైలైనా ఆగాల్సిందే. ఆ వంతెన చూడని ఇంజనీరింగ్ విద్యార్థి చదువు సగమే అని నా నమ్మకం.

బండి ఆగితే విసుక్కోకు. అక్కడ పట్టాలు చాలావరకు గూడ్స్ కంపెనీలవి. పాసింజరు బండికి ముందు దారివ్వాలని 1973 నుంచి చట్టమే ఉంది. కానీ ఇప్పటి గూడ్స్ బండ్లు లూప్ లైన్ల కన్నా పొడుగైపోయాయి. పక్కకు తప్పుకోవాలంటే అవి పట్టవు. అందుకని చిన్నదైన మన బండే లూపులోకి వెళ్లి నిలబడుతుంది. సింగిల్ లైన్ల మీద క్రాసింగులతో బతుకంతా గడిపినవాణ్ణి, ఆ డ్రైవరు బాధ నాకు తెలుసు. నువ్వు మాత్రం లూపులో నిలబడ్డ ప్రతి గంటనూ చదువు ఖాతాలో వేసుకో. శుక్రవారం క్లాసులుంటే ఈ ప్రయాణం కుదరదు. అందుకే కోర్సులు ఎంచుకునేటప్పుడు ప్రొఫెసరు పేరు తరువాత చూడు, ఒక చేత్తో రైళ్ల వేళల పట్టిక పట్టుకుని కూర్చో. శుక్రవారం ఖాళీగా ఉంచే కోర్సులే తీసుకో.

బస్సు మాటెత్తుతారు. గ్రేహౌండ్ పుట్టింది ఆ ప్రాంతంలోనే, మిన్నెసోటాలోని హిబ్బింగ్‌లో, 1914లో. గని కార్మికుల్ని చేరవేస్తూ మొదలైంది. గౌరవించాల్సిన చరిత్ర. కానీ కారు జారిన రోడ్డు మీదే బస్సూ పోవాలి. బస్సు ఎక్కితే దగ్గరి స్టేషన్ దాకానే ఎక్కు. నా మాట వినకుండా ఒహాయో కొలంబస్‌లో చేరినవాళ్లు షికాగోకు నేరుగా బస్సు పట్టుకోకండి. ఉత్తరాన టొలీడో దాకా వచ్చి, తెల్లవారుజామున వచ్చే బండి కోసం కూర్చోండి. రాత్రంతా మేలుకోవాలి, నిజమే. మేలుకుని చదివిన చదువు నిలుస్తుంది.

షికాగోలో బండి మారాల్సి వస్తే రెండు బండ్ల మధ్య నాలుగు గంటలు తక్కువ కాకుండా చూసుకో. అక్కడి యూనియన్ స్టేషన్ 1925లో తెరిచారు. పెద్ద హాల్లో పైన అద్దాల కప్పు, కింద పొడుగాటి చెక్క బల్లలు. ఆ బల్ల మీద కూర్చుని రాసుకున్నంత ప్రశాంతంగా ఏ లైబ్రరీలోనూ రాసుకోలేవు.

తిండి మోసుకెళ్లు, రెండు పూటలది కాదు, మూడు పూటలది. పులిహోర కట్టుకో, పప్పన్నం వద్దు, తొందరగా పాడవుతుంది. పెరుగన్నం మొదటి పూటకే తినెయ్యి. వచ్చేటప్పుడు షికాగో డెవాన్ వీధిలో ఇరవై పౌండ్ల బియ్యం బస్తా కొను. రైల్లో ఒక్కొక్కటి 50 పౌండ్ల దాకా రెండు సంచులు, పైన రెండు చిన్న సంచులు చేతిలో తీసుకురానిస్తారు. విమానంలో ఆ బస్తాకు డబ్బు కట్టాలి. నేనైతే దారి ఎంచుకోవడానికి ఈ బియ్యం బస్తా ఒక్కటే చాలంటాను.

కిటికీ కూడా చూసుకుని కూర్చో. వారెన్స్‌బర్గ్ నుంచి సెయింట్ లూయిస్ వెళ్లేటప్పుడు ఎడమవైపు. జెఫర్సన్ సిటీ నుంచి మిస్సోరీ నది గట్టునే బండి పోతుంది. షికాగో నుంచి సెయింట్ పాల్ వెళ్లేటప్పుడు కుడివైపు. లా క్రాస్ దగ్గర వంతెన దాటాక మిసిసిపి అటే ఉంటుంది. చలికాలంలో అది గడ్డకట్టి తెల్లటి మైదానంలా కనిపిస్తుంది.

ఎక్కగానే బండి నంబరు ఇంటికి పంపు. ఇది మాత్రం మరచిపోకు. ఏ బండి ఎక్కడుందో ఫోన్లో పటం మీద కనిపిస్తుంది. చలికాలంలో వాళ్లకూ మనకూ పదకొండున్నర గంటల తేడా, వాళ్ల రాత్రి మనకు పగలు. ఇప్పుడు మా తమ్ముడి కూతురు అక్కడే చదువుతోంది. మొన్న సౌత్‌వెస్ట్ చీఫ్‌లో షికాగో వెళ్లింది. పొద్దున నుంచి షికాగోలో దిగేదాకా అంటే ఇక్కడ రాత్రంతా. మా ఆవిడ పడుకోమంది. నేను పడుకోలేదు. అర్ధరాత్రి దాటాక పటం మీద చుక్క ఫోర్ట్ మాడిసన్ ఇవతల ఆగింది. పడవ వస్తున్నట్టుంది, వంతెన తిరుగుతోందనుకున్నాను. లేచి మంచినీళ్లు తాగి వచ్చి చూస్తే చుక్క నది మీద ఉంది.