సెక్షన్ బావ

జంషెడ్‌పూర్ బారిడీహ్ బజారులో ఒక టీ కొట్టు ముందు బల్ల ఉంది. దానికి మూడు కాళ్లు, నాలుగోది ఇటుక. ఆ ఇటుక వైపు కూర్చునే మనిషి సెక్షన్ బావ. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ అది గేట్ పాస్ మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. గేట్ పాస్ మీద కూడా ఒక అక్షరం తప్పే. ఆ అక్షరం పుణ్యమా అని ఒకసారి పీఎఫ్ డబ్బులు ఏడు నెలలు ఆగిపోయాయి. శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన మాలాంటివాళ్లకి ఆయన బావ. బిహారీ కుర్రాళ్లకి ధారాజీ, అంటే సెక్షన్ గారు. కాంట్రాక్టరుని ఇక్కడ ఠేకేదారంటారు, అతని మున్షీకి మాత్రం తలనొప్పి.

ఇలాంటి మనిషి కార్ఖానా ఉన్న ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. కాంట్రాక్టు కూలీల చట్టం కంఠోపాఠం. ఏ వాటా ఎంత, ఏ తేదీలోగా కట్టాలి, కట్టకపోతే ఎవరి మెడకు చుట్టుకుంటుంది, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తనేమో 2003 నుంచి టెంపరరీ. ఒకటే గేటు, ఒకటే షెడ్డు, ఒకటే కన్వేయర్ బెల్టు. మారింది చొక్కా వీపు మీద ఠేకేదారు పేరొక్కటే. నిన్నమొన్నటిదాకా ఎనిమిది చొక్కాలు. పాతవి వాళ్లావిడ గచ్చు తుడవడానికి వాడుతుంది.

బావ తాత టెక్కలి వైపునుంచి మేస్త్రీ వెంట వచ్చి కంపెనీలో పర్మనెంటయ్యాడు. తండ్రీ పర్మనెంటే. బావ దాకా వచ్చేసరికి వంశవృక్షం ఠేకేదారు పెరట్లోకి వంగింది. "తాతకి క్వార్టరుండేది, నాన్నకి క్వార్టరుండేది. నాకూ ఉంది, ఆదివారం సాయంత్రం మాత్రం" అంటాడు, సీసా ఎత్తినట్టు బొటనవేలు పైకి లేపి.

ఆయన పెళ్లిని వ్యాకరణం గట్టెక్కించింది. మావైపు ఊళ్లలో జంషెడ్‌పూర్ అని ఎవరూ అనరు, టాటా అంటారు. "కుర్రాడు ఎక్కడుంటాడు?" అని పిల్ల తరఫువాళ్లు అడిగారు. "టాటాలో" అన్నారు మనవాళ్లు. ఆ ఆరో విభక్తి ఊరికి చేరిందో కంపెనీకి చేరిందో ఎవరూ విడమరచలేదు, ముహూర్తం పెట్టేశారు. పెళ్లయి అక్క ఇక్కడికొచ్చిన మూడో నెలకి సంధి విడదీసి చూసుకుంది. అప్పట్నుంచి బావ కోర్టు తీర్పు ఏదైనా చదవబోతే "ఊరందరికీ శకునం చెప్పే బల్లి..." అని మొదలెట్టి, కుడితి దాకా వెళ్లకుండానే లోపలికెళ్లిపోతుంది.

ఊరి చరిత్ర చెప్పాల్సి వస్తే మాత్రం బావ ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. ఈ ఊళ్లో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అప్పటికింకా పుట్టనే లేదు. జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండు ఇక్కడ 1920లోనే మొదలు. పీఎఫ్ చట్టం వచ్చింది 1952లో. ఇవన్నీ తానే దగ్గరుండి ఇప్పించినట్టు చెబుతాడు. చెప్పడం అయ్యాక గడియారం చూసుకుని "అమ్మో, ఓటీకి టైమైపోయింది" అని సైకిలెక్కుతాడు. ఓటీకి చట్టప్రకారం రెట్టింపు జీతం. బావకి వచ్చేది ఒకటికి ఒకటి, దానిమీద ఒక సమోసా.

బల్ల దగ్గర అసలు రద్దీ జీతాల వారంలో. బి షిఫ్టుకి వెళ్లాల్సిన పిల్లలు ఒంటిగంటకే చేరతారు. మొన్న ఒక బస్తీ కుర్రాడు మడతలు పడ్డ వేతన చీటీ తెచ్చాడు. బావ కళ్లజోడు తుడుచుకుని, జాతకచక్రం చూసే పంతుల్లా చీటీని వెలుగుకి పట్టాడు.

"ఎన్ని రోజులు సేసినావురా?"

"ఇరవయ్యారు బావా."

"ఇందల ఇరవయ్యే ఉందేటి?"

"మిగతాది అడ్జస్టు సేస్తానన్నాడు మున్షీ."

"అడ్జస్టయ్యేది నువ్వురా, ఆడు కాదు." వేలు కిందికి జారింది. "మూల జీతం 10,000. పీఎఫ్‌కి నీ వాటా పన్నెండు శాతం, 1,200. ఠేకేదారు ఇంకో 1,200 సొంత జేబులోంచి ఎయ్యాల. మరి నీ కోతల్లో 2,400 ఉందేటి?"

కుర్రాడు టీ గ్లాసులోకి చూశాడు.

"నీ వాటా నీదే, ఆడి వాటా కూడా నీదే. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే నాయనా. ఈఎస్ఐకి నీది ముప్పావు శాతం, ఆడిది మూడుంపావు. అదెవడు కట్టేడో కూడా సూడాల. ఆ పన్నెండంకెల యూఏఎన్ నంబరు సెప్పు, ఫోన్లో పాసుబుక్కు తీద్దాం."

ఇంకో పద్ధతి ఉంది, దాన్ని వాపసీ అంటారు. జీతం పైసా తగ్గకుండా బ్యాంకులో పడుతుంది, కాయితం మీద చట్టం కడిగిన ముత్యం. సాయంత్రం మున్షీ ఏటీఎం బయట గుట్కా నములుతూ నిలబడతాడు. లోపలికెళ్లినవాడు బయటికొచ్చి, నోట్లు లెక్కపెట్టి, ఇన్నని వాడి చేతిలో పెట్టి వెళ్తాడు. కొందరి ఏటీఎం కార్డులైతే మున్షీ దగ్గరే రబ్బరు బ్యాండు వేసుకుని కాపురముంటాయి. 1970 నాటి కాంట్రాక్టు కూలీల చట్టం 21వ సెక్షన్లో దీనికి విరుగుడు రాశారు. పని చేయించుకునే అసలు కంపెనీ మనిషి ఎదుటే జీతం ఇవ్వాలి, ఇచ్చినట్టు అతను సంతకం చెయ్యాలి, ఠేకేదారు ఎగ్గొడితే కంపెనీయే కట్టి వాడి దగ్గర రాబట్టుకోవాలి. "రాసినోడు మా గొప్పగా రాసినాడు. ఆ సంతకం పెట్టే బాబు మాత్రం జీతాల నాడు ఎప్పుడూ మీటింగులోనే ఉంటాడు" అంటాడు బావ.

పని విషయానికొస్తే, పాసు మీద ఆయన హోదా 'హెల్పర్', అన్‌స్కిల్డ్. నేనొకసారి బావ పని చెయ్యడం చూశాను. రోలరు బేరింగు మీద పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. డాక్టరు గుండె విన్నట్టే. కాసేపటికి కళ్లు తెరిచి "నాలుగు రోజులు" అన్నాడు. పక్కనున్న కుర్ర ఇంజనీరు మారుమాట్లాడకుండా డైరీలో రాసుకున్నాడు. ఆ చెవికి ఏ స్కేలూ లేదు. పాత కేంద్ర నిబంధనల్లో 25వది, పర్మనెంటు మనిషి చేసే పనే కాంట్రాక్టు మనిషి చేస్తే అదే జీతం అంది. బావ ఆ ముక్క జిరాక్సు తీయించి, బొమ్మల కేలండరు వెనక అంటించుకున్నాడు.

మరి తన కేసు? అది అడిగితే బావకి దగ్గొస్తుంది. ట్రంకు పెట్టెలో ఎనిమిది గేట్ పాసులు, కట్టలకొద్దీ చీటీలు ఉన్నాయి. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలు ఇచ్చిన తీర్పు కూడా ఉంది. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన పనివాళ్లు వాళ్లంతట వాళ్లు పర్మనెంటయిపోరని అందులో తేల్చారు. "నేను సేరడానికి రెండేళ్ల ముందే తలుపు మూసినారు. సూడు నా రాత." కానీ ఆ తలుపుకో కిటికీ ఉంది. కాంట్రాక్టే ఉత్త బూటకమని రుజువైతే సంగతి వేరు. ఒకే యంత్రం, ఎనిమిది ఠేకేదార్లు, ఒకే మనిషి. ఇంతకన్నా రుజువేం కావాలి అని నేనన్నాను.

బావ బల్ల మీద గ్లాసు గుండ్రంగా తిప్పాడు. "కేసెయ్యొచ్చు. మర్నాడు ఆరింటికి పాసు గేటుకాడ పని సెయ్యదు. అప్పుడు సెక్షన్లన్నీ బైటుంటాయి, ఆటితో పాటు నేనూ బైటుంటాను. పిల్లదానికి ఇంకా రెండేళ్ల సదువుంది."

గ్రాట్యుటీ గురించి నేనిక అడగలేదు. అయిదేళ్లు ఏకధాటిగా చేస్తే ఏడాదికి పదిహేను రోజుల జీతం. బావకున్న ఎనిమిది మందిలో ఒక్కడు కూడా అయిదో పుట్టినరోజు దాకా బతకలేదు. నాలుగో ఠేకేదారు నాలుగేళ్ల పది నెలలకి వెళ్లిపోతే, మిగిలిన రెండు నెలలూ బావ సంతాపదినాలుగా పాటించాడు.

బావకి నిజంగా దెబ్బ తగిలింది 2025 నవంబరు 21న. ఆ రోజు నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. పంచాంగమే మారిపోయిన సిద్ధాంతిలా అయ్యాడు పాపం. ఇరవై ఏళ్లుగా 21 అంటూ వచ్చిన సెక్షను 55 అయి కూర్చుంది. ఠేకేదారుకి లైసెన్సు కావాలంటే ఇరవై మంది పనివాళ్లుండాలన్న లెక్క యాభైకి పోయింది. "ఇంకేటుంది, ఠేకేదారు పేరున నలభై తొమ్మిది, పెళ్లాం పేరున నలభై తొమ్మిది" అన్నాడు ఎవరో. బావ నవ్వలేదు. వారం రోజులు బల్ల దగ్గరికి రాలేదు. మున్షీ టీ కొట్టువాడికి కాజా పంచాడని వినికిడి.

ఎనిమిదో రోజున కొత్త పుస్తకంతో దిగాడు. చదివి చదివి 56 దగ్గర ఆగాడట: పనివాడు అడిగితే ఠేకేదారు అనుభవ పత్రం ఇవ్వాలి. ఇన్నేళ్లలో బావ తనకోసం వాడిన మొదటి సెక్షను అదే. అర్జీ పెట్టాడు. ఆశ్చర్యం, పది రోజులకి కాయితం వచ్చింది. సదరు వ్యక్తి మా వద్ద ఒక సంవత్సరం ఏడు నెలలు హెల్పరుగా పనిచేశాడు, నడవడిక సంతృప్తికరం, అని. మిగతా ఏళ్ల సంగతి ఆ మిగతా ఏడుగురినీ అడగాలి. వాళ్లలో ఒకాయన కాలం చేశాడు, ఒకాయన ఇప్పుడు పెళ్లిళ్లకి షామియానాలు వేస్తున్నాడు. బావ ఆ కాయితాన్ని లామినేషన్ చేయించాడు.

అది ఆరకముందే తొమ్మిదో ఠేకేదారు వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త పాసు, కొత్తగా చేరేవాళ్లకిచ్చే భద్రతా శిక్షణ. ఆ శిక్షణలో పాఠం చెప్పిన కుర్రాడికి ఒకప్పుడు హెల్మెట్ పట్టీ బిగించుకోవడం నేర్పింది బావే. అప్లికేషనుకి ఫొటో కావాలన్నారు. 2003లో ఒక్కసారే చవగ్గా వస్తాయని నాలుగు డజన్లు తీయించిన ఫొటోలు ట్రంకులో ఇంకా మిగిలున్నాయి. అందులోంచే ఒకటి అంటించాడు.

గేటు దగ్గర కొత్త గార్డు పాసు చూశాడు, బావని చూశాడు, మళ్లీ పాసు చూశాడు. నల్లటి మీసం, ఒత్తయిన క్రాపు.

"మీ అబ్బాయి పాసా ఇది?" అన్నాడు హిందీలో.

"నేనే బాబూ. చేరినప్పటి ఫొటో."

గార్డు పాసు దగ్గరగా పెట్టుకుని చేరిన తేదీ చదివాడు. మొన్న సోమవారం.