గుడ్డుబొమ్మ పద్యానికి టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మన కొల్చారం మల్లినాథ సూరి వ్యాఖ్యానం మొదట్లోనే నియమం పెట్టుకున్నాడు. అంతటివాడు గనుక ఆయనకు చెల్లింది. ఈ వ్యాఖ్యాతకు అలాంటి నియమాలేవీ లేవు. పైగా పద్యకర్తా వ్యాఖ్యాతా ఒక్కరే కావడంతో కవి హృదయం ఎక్కడుందా అని వెతుక్కునే శ్రమ కూడా తప్పింది.

జపాను దేశంలో నాణెం వేసి పిడి తిప్పితే ప్లాస్టిక్ గుడ్డులో బొమ్మను పెట్టి రాల్చే యంత్రాలున్నాయి. బెజవాడ సందుల్లో అదే పని కిరాణా కొట్టు బల్ల మీది డబ్బా చేస్తోంది. ఆ బల్ల ముందు మునివేళ్ళ మీద నిలబడ్డ పిల్లవాణ్ణీ, వాడి వెనకాల జేబు తడుముకుంటున్న తండ్రినీ ఉద్దేశించి చెప్పిన పద్యమిది.

మూలం

ఆ. కాసు వేసి తిప్ప గడగడమని జారు
గుడ్డులోన నేమి గుట్టు గలదొ
కోరుకొన్న బొమ్మ గూటిలోనె నిలుచు
వచ్చినదియె మరల వచ్చుచుండు

ప్రతిపదార్థం

కాసు = నాణెమును; వేసి = యంత్రపు బెజ్జంలో వేసి; తిప్పన్ = పిడిని ఒక చుట్టు తిప్పగా; గడగడమని = గడగడమను చప్పుడుతో; జారు = కిందికి జారెడి; గుడ్డులోనన్ = ప్లాస్టిక్ గుడ్డులోపల; ఏమి గుట్టు = ఏ రహస్యము; కలదొ = ఉన్నదో (కొట్టువాడికీ తెలియదని భావం); కోరుకొన్న బొమ్మ = మనసు పడిన బొమ్మ; గూటిలోనె = యంత్రపు కడుపులోనే, లేదా డబ్బా అడుగునే; నిలుచు = ఉండిపోవును; వచ్చినదియె = నిన్న వచ్చిన బొమ్మయే; మరల = ఇవాళ కూడా; వచ్చుచుండు = వచ్చుచునే ఉండును.

తాత్పర్యం

డబ్బు మనది, చెయ్యి మనది, ఎంపిక మాత్రం మనది కాదు. కావలసింది రాదు, ఉన్నదే వస్తుంది. అయినా రేపు మళ్ళీ వెళతాం.

విశేషాలు

ఛందస్సు: ఆటవెలది. యతులన్నీ సరిపోయాయి. సరిపోనిది బొమ్మల వరసే.

పాఠాంతరం: మొదటి పాదంలో "కోడు స్కాను చేయ" అని బెజవాడ ప్రతుల్లో కనిపిస్తోంది. యతి చెడింది గానీ డబ్బు చేరింది.

"తిప్ప": ఈ తిప్పడం జపానుకు అమెరికా నుంచి వచ్చింది. 1965లో షిగెటా ర్యూజో అనే వ్యాపారి అక్కడి యంత్రాలు తెప్పించి టోక్యోలో పెట్టాడు. అప్పట్లో ఒక తిప్పుకు 10 యెన్లు. 1977లో బందాయ్ కంపెనీ రంగంలోకి దిగి, 100 యెన్లకు కాస్త పనితనమున్న బొమ్మలు పెట్టింది. ఇప్పుడు 300, 500 యెన్లవి మామూలైపోయాయి. 2021లో టోక్యోలోని ఇకెబుకురోలో సుమారు 3,000 యంత్రాలతో ఏకంగా ఒక దుకాణమే తెరిచారు. అక్కడ తిప్పేవాళ్ళలో పిల్లలకంటే ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళకే తొందర ఎక్కువ. కనుక పద్యంలో కర్త ఎవరో చెప్పకపోవడం కవి జాగ్రత్త. తిప్పేది కొడుకూ కావచ్చు, తండ్రీ కావచ్చు.

"గుడ్డు": ఇది మన కొట్లకు వచ్చిన దారి వేరు. ఇటలీలో ఫెరెరో కంపెనీ 1974లో చాకొలెట్ గుడ్డులో బొమ్మ దాచి అమ్మింది. బెజవాడ ఎండకు చాకొలెట్ గుడ్డు గుడ్డుగా నిలిచే ప్రశ్నే లేదు. 2001లో వచ్చిన కిండర్ జాయ్‌లో ఒక చిప్పలో మెత్తటి క్రీము, రెండో చిప్పలో బొమ్మ. కరిగేది ముందే కరిగినట్టుండటం వల్ల వేసవి దానికి అడ్డు కాలేదు. మన దేశంలో తయారీ మహారాష్ట్రలోని బారామతిలో. ఇలా ఇటలీ గుడ్డు, జపాను రివాజు, మరాఠీ గూడు, తెలుగు జేబు ఒక్క పద్యంలో కలిశాయి.

"గుట్టు గలదొ": ఈ గుట్టు విప్పడానికి మన పిల్లలకొక శాస్త్రం ఉంది. గుడ్డును చెవి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు ఊపుతారు. టకటకమంటే విడి ముక్కలు బిగించుకునే బండి, తడబడుతూ ఒక్క దెబ్బ కొడితే ఒంటి బొమ్మ, చప్పుడే లేకపోతే కాగితం ఎక్కువ. "బాబాయ్, ఇది కాదు, ఆ కిందున్నది ఇవ్వు" అంటాడు వాడు. "ఏదైనా ఒకటేరా, ఊపితే క్రీమంతా అంటుకుపోద్ది" అంటాడు కొట్టు బాబాయి. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అనే మూడు ప్రమాణాల్లో చివరి రెండూ ఇక్కడ పనిచేస్తున్నాయి. మొదటిది డబ్బు కట్టిన తరవాత.

పూర్వ ప్రయోగాలు: ఈ వస్తువు బెజవాడకు కొత్తదని అనుకోకూడదు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీది తూకం మిషన్ దీనికి పెద్దన్న. ఎక్కి నిలబడితే అద్దం వెనక రంగు లైట్లు మిణుకుమనేవి, చక్రాలు తిరిగేవి. చక్రం ఆగాకే నాణెం వెయ్యాలని నియమం. టక్కున అట్టముక్క పడేది. దాని మీద బరువు, జాతకం, ఒక్కోసారి సినిమా తార బొమ్మ. మద్రాసు బండి ఆగిన కాసేపట్లో రెండుసార్లు ఎక్కినా బరువు మారేది కాదు, జాతకం మాత్రం మారేది. పిల్లలు దాచుకున్నది బరువునూ కాదు, జాతకాన్నీ కాదు, తార బొమ్మను. ఇక బడి పక్క కొట్లో అట్టకు అంటించిన చీటీలను చింపి బెలూనో, ఈలో గెలుచుకోవడం మధ్యకాలపు ప్రయోగం. 2011 జూన్ ఆఖరుతో పావలా చెల్లని కాసైంది. పద్యంలో "కాసు" అని ఊరుకుని విలువ చెప్పకపోవడానికి కారణం అదే.

"కోరుకొన్న బొమ్మ గూటిలోనె నిలుచు": పద్యమంతటికీ ఇది ప్రాణం. ఇబ్రహీంపట్నం పక్కన కొండపల్లి ఉంది. అక్కడ తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కిరీటాలూ అతికించి, రంగులద్ది బొమ్మలు చేస్తారు. దశావతారాలు కావాలంటే పదీ వరసగా కట్టి ఇస్తారు. "ఇవాళ్టికి మత్స్యం, కూర్మం తీసుకెళ్ళండి, వామనుడు మీ అదృష్టం" అని ఏ కళాకారుడూ అనడు.

అవే పది అవతారాలను గుడ్లలో పెట్టి, దేనికదే సమానంగా కలిపి అమ్మారనుకుందాం. పదీ చేరాలంటే పది గుడ్లు చాలవు. గణితం చెప్పే సగటు 29 పైచిలుకు. ఇందులో తొమ్మిది అవతారాలు సుమారు 19 గుడ్లలో వచ్చేస్తాయి. మిగిలిన ఒక్కదాని కోసం సగటున ఇంకో పది గుడ్లు పగలాలి. ఆ ఆఖరివాడు నరసింహుడైనా కావచ్చు, పరశురాముడైనా కావచ్చు, ఆ ఇంటికి మాత్రం ఆయనే కల్కి. పురాణం ప్రకారం కూడా కల్కి ఇంకా రావలసినవాడే గదా! సేకరణ వ్యాపారమంతా ఈ పదో అవతారం మీదే నడుస్తుంది. ఫోన్ ఆటల్లో ఇదే కిటుకు ముదిరింది. డబ్బు పెట్టి వరసంతా పూర్తిచేస్తేనే అసలు బహుమతి ఇస్తామనే పద్ధతి చట్టానికి విరుద్ధమని 2012లో జపాను ప్రభుత్వమే తేల్చింది.

ఆక్షేపం: అలాగైతే ఇది జూదమే కదా? సంక్రాంతి బరిలో కోడికి కత్తి కట్టడానికీ, దీనికీ తేడా ఏమిటి?

సమాధానం: బరిలో ఓడినవాడు ఖాళీ చేతులతో వస్తాడు. ఇక్కడ ఏదో ఒకటి తప్పక వస్తుంది. అక్కరలేనిది రావడం వేరు, ఏమీ రాకపోవడం వేరు. అయితే ఆశ రెండుచోట్లా ఒకటే గనుక, తండ్రి జేబు విషయంలో ఆక్షేపణ కొంతవరకు నిలుస్తుంది.

ఆక్షేపం: నాలుగో పాదంలో "వచ్చినదియె మరల వచ్చుచుండు" అన్నది పునరుక్తి. ఇది దోషం.

సమాధానం: దోషం కాదు, గుణం. నిరూపిస్తాం. సత్యనారాయణపురంలో ఒకడు, గాంధీనగర్‌లో ఒకడు విడివిడిగా పది అవతారాలు కూడగట్టాలంటే ఇద్దరికీ కలిపి సగటున సుమారు 59 గుడ్లు కావాలి. ఇద్దరూ తెచ్చినవి ఒకచోట పోసి, ఎక్కువైనవి మార్చుకుంటే 46 గుడ్లతో రెండు సెట్లూ పూర్తవుతాయి. మిగిలిన 13 గుడ్ల డబ్బు ఆదా అయింది దేనివల్ల? పునరుక్తి వల్ల. పదీ ఒకేసారి కొన్నవాడికి పొరుగింటితో పనిలేదు. రెండో వరాహం వచ్చినవాడే చెప్పులేసుకుని వీధిలోకి వస్తాడు, "నీ దగ్గర వామనుడున్నాడా?" అని అడుగుతాడు. కంపెనీకి తెలియకుండా, కంపెనీ ప్రమేయం లేకుండా బడి మధ్యాహ్నం గంటకు ఒక అంగడి వెలుస్తుంది. అక్కడ ఒక కల్కికి మూడు వరాహాలు ధర పలకవచ్చు. బేరసారాలు నేర్పే పాఠం అంతకన్న చవగ్గా ఎక్కడా దొరకదు.

అయినా మిగిలిపోయినవాటికి సంక్రాంతి ఉంది. బొమ్మల కొలువులో పై మెట్ల మీద దేవుళ్ళు, నడుమ కొండపల్లి ఎడ్లబండి, కల్లుగీత మనిషి. కింది మెట్టు పిల్లలది. అక్కడ ఒకేరకం ప్లాస్టిక్ కప్పలు నాలుగు వరసగా కూర్చున్నా పేరంటానికి వచ్చిన అమ్మలక్కలు ఎవరూ తప్పుపట్టరు. ఏనుగులు రెండుంటే మెట్టుకు అందం, కప్పలు నాలుగుంటే నిండుతనం.

రసం: మొదటి పాదంలో ఉత్సాహం, రెండో పాదంలో అద్భుతం, మూడో పాదంలో కరుణ, నాలుగో పాదంలో హాస్యం. తండ్రి పక్షాన చూస్తే నాలుగు పాదాల్లోనూ శాంతమే. వేరే దారి లేదు గనుక.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని టీకతో సహా చదివినవారికి కోరిన బొమ్మ వస్తుందని చెప్పలేం. రెండో వరాహం మాత్రం ఖాయం. దాన్ని జేబులో వేసుకుని బయల్దేరితే, వరాహం లేని ఇల్లు ఆ వీధిలోనే ఉంటుంది.