గృహవిక్రయ తేటగీతి – టీకాతాత్పర్య సహితము

అవతారిక: ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి నగరమున సెక్టారు 5లోని బాలాజీ దేవాలయమునకు పోవు త్రోవలో, ఒక విద్యుత్ స్తంభమునకు మైదాపిండి జిగురుతో అంటింపబడి, ఒక మూల మేక నమిలినదియు మరియొక మూల వాన తడిపినదియు నగు కాగితముపై ఈ క్రింది పద్యము కానవచ్చినది. కాళిదాస భారవి మాఘులకు కోలాచల మల్లినాథసూరి దొరకెను. ఈ యనామక కవికి నేను దొరకితిని. మూలములో లేనిదేదియు వ్రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టెను. నేనో మూలములో లేనిదానినే ముఖ్యముగా వ్రాయదలచితిని. ఏలయన కావ్యములో కవి విడిచిన మాట రసికునకు ఆనందము నిచ్చునేమో గాని, ఇండ్ల యమ్మకపు కవిత్వములో కవి విడిచిన మాట కొనువాని సొమ్మును తినును.

తూర్పు మొగమున్న యిల్లిది; దొడ్డ గదులు;
నడచి పోవంగ గుడిబడి నాల్గడుగులు;
వెలను గూరిచి మాటాడ వీలు కలదు;
నడుమవారల కిచ్చోట నడవదు పని.

కర్తృకాలములు: కవి తన పేరు చెప్పలేదు, అంతఃసాక్ష్యమును బట్టి యూహింపవలసినదే. ఉక్కు కర్మాగారమునకై సోవియట్ దేశముతో 1955 ఫిబ్రవరిలో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించు నంతవరకు ఇచ్చట ఇండ్లను తెలుగు పద్యములో అమ్మజూపు నవసరము ఎవ్వరికిని కలిగియుండదు గనుక, కవి ఆ కాలమునకు పూర్వుడు కాడు. అక్షరములు కంప్యూటరువి గనుక మిక్కిలి ప్రాచీనుడును కాడు. ఆ కర్మాగారమున కొలువున్నంతకాలము కంపెనీ క్వార్టరులో తల దాచుకొనవచ్చును. పదవీవిరమణానంతరము దానిని అప్పగింపవలయును. కావున కవి శ్రీకాకుళమునుండియో విజయనగరమునుండియో వచ్చి ఉక్కు కరిగించి రిటైరయినవాడనియు, ముందుచూపుతో నెహ్రూనగరులోనో స్మృతినగరులోనో కట్టుకొన్న యింటిని అమ్మి విశాఖపట్టణపు గాలికి మరలదలచినవాడనియు నా నిర్ణయము. పద్యములోని తెలుగు ఇంత చెడకుండ నిలుచుటకు ఇచ్చటి ఆంధ్ర సాహిత్య సమితి వంటి సంస్థల సాంగత్యము కారణమై యుండును.

టీక: తూర్పు మొగమున్న – సూర్యున కెదురైన ద్వారముగల. వీధికి ఇరుప్రక్కల ఇండ్లు ఎదురెదురుగా వరుసలు తీరిన యూరిలో, తూర్పుమొగపు టింటికి ఎదురుగ పడమటిమొగపు టిల్లొకటి తప్పక యుండును. ఆ యింటిలోను జనులు పెండ్లిండ్లు చేసికొనుచు, పిల్లలను ఇంజనీర్లను చేసికొనుచు సుఖముగనే యున్నారు. తూర్పుమొగమునకు అధికమూల్యము చెల్లించుట వాస్తుశాస్త్ర విశ్వాసము. పడమటి యింటి కెదుట నిలిచి, వాస్తు బాగులేదని పెదవి విరిచి, వెల తగ్గించి అడుగుట వాస్తుశాస్త్ర ప్రయోజనము. ఈ రెండవదానిని తెలిసినవారు తక్కువ.

ఇల్లిది – ఇల్లు ఇది. ఇచ్చట టీకాకారుడు ఆగవలయును. పద్యమంతటిలోను అత్యంత క్లిష్టమైన పదమిదియే. ఇది యనగా నేది? భిలాయిలో ఇల్లు త్రివిధము. మొదటిది కంపెనీ క్వార్టరు. అది అమ్మకమునకు రాదు, వచ్చినచో తెచ్చినవాడు దొంగ. రెండవది ఈ శతాబ్దారంభమున కంపెనీ తన యుద్యోగులకు 33 ఏండ్ల లీజుపై నిచ్చిన యిల్లు; దానికి భూస్వామి నేటికిని కంపెనీయే గనుక లీజుదారు అమ్మజూపునది ఇల్లు గాదు, మిగిలిన యేండ్ల అనుభవము మాత్రమే. అట్టిదానిని కొనదలచినవాడు, ఎన్నేండ్లు గడచినవో లెక్కించి, పొడిగింపు షరతులు చదివి, బదలాయింపునకు కంపెనీ వ్రాతపూర్వక మగు ననుమతి యున్నదా యని చూచి, లీజు దస్తావేజు రిజిస్టరయినదా యని యడిగి, బ్యాంకువాడు దానిపై అప్పిచ్చునా యని ముందుగనే విచారించి, తరువాత మాత్రమే గోడల రంగును గూర్చి ఆలోచింపవలయును. మూడవది సొంత భూమిపై సొంత యిల్లు. దీనికి సాక్ష్యము కవి వాక్కు కాదు, పటవారి, అనగా ఊరి భూముల కరణము, వ్రాసిన లెక్క: ఖస్రా యను సర్వే సంఖ్య, బి-1 యను ఖాతా నకలు, అమ్మువాని పేర నామాంతరణము జరిగినదా లేదా యను విషయము. ఊరంచున పొలములను కోసి తీసిన ప్లాట్లయందు ఆ భూమి వ్యవసాయమునుండి నివాసమునకు మారినట్టి డైవర్షను ఉత్తరువును, టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ వారి ఆమోదమును లేనిచో, కొన్నది వరిపొలమే. దానిలో వంటగది యుండుట వేరు సంగతి.

ఈ పదముననే మరియొక ధ్వని కలదు. యజమాని యెచ్చటనో యుండ, చేతిలో పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకొని వచ్చి ‘ఇల్లిది’ యనువాడొకడు తారసపడును. అట్టి పత్రముల మూలమున జరుగు నమ్మకము స్వామ్యమును ఇయ్యదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున నిర్ణయించినది. యజమాని పక్షమున సంతకము పెట్టుటకు ఆ పత్రము పనికివచ్చును గాని, దానినే దస్తావేజుగా భావించి సొమ్ము చెల్లించినవాడు ఇంటిని కొనలేదు, ఒక స్నేహమును కొనెను.

దొడ్డ గదులు – అతిశయోక్త్యలంకారము. ఫ్లాటులయందు గోడల నడుమ మనుష్యుడు నిజముగ మసలు చోటునే, అనగా కార్పెట్ ఏరియానే, చెప్పి తీరవలెనని 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా రెరా, విధించినది. సూపర్ బిల్టప్ అను మాట వినబడినంతనే టేపు తీయుము. అదే చట్టము, బిల్డరు వెలలో 10 శాతమును మించి బయానాగా తీసికొనుటకు ముందు ఒప్పందమును రిజిస్టరు చేయవలెననియు చెప్పినది.

నడచి పోవంగ ఇత్యాది – వామనుడు మూడడుగులలో ముల్లోకములను కొలిచెను గనుక ఈ కవి నాల్గడుగులలో గుడిని, బడిని చేరుట ఆశ్చర్యము కాదు. సామాన్యుడు మే నెల మిట్టమధ్యాహ్నము ఒకమారు నడచి చూడవలయును.

వెలను గూరిచి – ఇచ్చట పాఠాంతర మొకటి కలదు. గత దీపావళినాటి ప్రతిలో ‘వీలు లేదు’ అని యుండెను. ప్రకృత ప్రతిలో ‘వీలు కలదు’ అని యున్నది. ఛందస్సు రెంటను చెడలేదు. కాని నెలలపాటు ఇల్లు అమ్ముడుపోలేదను చరిత్రయంతయు ఆ యొక్క మాటలో నిలిచినది. పాత ప్రతులను సంపాదించువాడు పండితుడగుట యట్లుండ, బేరములో రెండు మూడు లక్షలు మిగుల్చుకొనును.

వెల యన్నది ఏకవచనమైనను అర్థమున ద్వివచనము: సర్కారువారి గైడ్‌లైన్ వెల యొకటి, చేతులు మారు వెల యింకొకటి. దస్తావేజులో తక్కువ వ్రాసి మిగిలినది సంచిలో నిత్తమని గుసగుసలాడువా రుందురు. స్థిరాస్తి విక్రయమున 20,000 రూపాయలు మొదలు ఏ మొత్తమునైనను నగదుగా పుచ్చుకొనరాదని ఆదాయపు పన్ను శాసనము. పుచ్చుకొన్నవానికి పుచ్చుకొన్నంతయు జరిమానా. గైడ్‌లైన్ వెలకంటె దస్తావేజు వెల 10 శాతమును మించి తగ్గినచో ఆ తేడాపై అమ్మినవానికిని కొన్నవానికిని ఇరువురికిని పన్ను. మరియు సంచిలోని సొమ్మునకు బ్యాంకు అప్పీయదు. రేపు తానే అమ్మువాడైనపుడు కొన్న వెలగా దానిని చూపుటకును వీలుండదు. గుసగుస అమ్మువానికి లాభముగ తోచును, మోయువాడు కొన్నవాడు.

మాటాడ వీలు – ఈ మాటలాట యందే బహుమతులు ప్రవేశించును. పండుగ దినములలో బిల్డరు మాడ్యులర్ కిచెన్ ఉచితమనును; వేరొకడు ఏసీ యనును; మరియొకడు బంగారు నాణెము చూపును. ఉచితమను శబ్దమును విని పులకించిన గృహిణికి ఈ టీకాకారుని వినతి యేమనగా: రెండు లక్షల విలువగల వంటగది వెలలోనే చేరియున్నచో, ఆ రెండు లక్షలపై స్టాంపు డ్యూటీ పడును, బ్యాంకు అప్పు 8.5 శాతపు వడ్డీతో 20 ఏండ్లదైనచో, ఆ రెండు లక్షలే కిస్తుల రూపమున 4 లక్షల 16 వేలకు పైబడి తీరును. అప్పటికి ఆ వంటగది తలుపులు ఊడి యెన్నియో యేండ్లగును. కాన ‘బహుమతి వలదు, వెలలో తగ్గింపుడు’ అని యడుగుటయే చతురత. బిల్డరు బహుమతికి సులభముగ నొప్పుకొని తగ్గింపునకు ముఖము చిట్లించుటలోని రహస్యమును ఊహింపవచ్చును: ఒకనికి తగ్గించిన వెల ప్రక్క ఫ్లాటువానికిని తెలియును, ఒకనికిచ్చిన వంటగది తెలిసినను లెక్కకు రాదు. రిజిస్ట్రీ ఖర్చు మాదే యనువాని మాట మాత్రము వేరు. 30 లక్షల వరకు అప్పునకు వెలలో 90 శాతము, ఆ పైన 75 లక్షల వరకు 80 శాతము, అంతకు మించినచో 75 శాతము మాత్రమే బ్యాంకులు ఈయవలెనని రిజర్వు బ్యాంకు హద్దు గీచి, ఆ వెలలో స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులను సాధారణముగ చేర్పరాదన్నది గనుక, ఆ ఖర్చు చేతిసొమ్మునుండియే రావలయును. చేతిసొమ్ము కరవైనవానికి అది నిజమైన సాయమే. ఇంటిని స్త్రీ పేర వ్రాయించినచో ఛత్తీస్‌గఢ్‌లో స్టాంపు డ్యూటీలో రాయితీయు కలదు. ఈ యొక్క కారణమున ఎందరు భర్తలు ఉన్నట్టుండి స్త్రీసమానత్వ వాదులైరో చెప్పజాలము.

అనుక్తము: ప్రభుత్వపు కానుకను గూర్చి కవి మౌనము వహించెను, దళారులు వహింపరు. ‘2 లక్షల 67 వేలు వచ్చును’ అని వారు నేటికిని పాడు పాట ప్రధానమంత్రి ఆవాస యోజన మొదటి విడతది. మధ్యతరగతికి అది 2021 మార్చి 31తోను, అల్పాదాయ వర్గములకు 2022 మార్చి 31తోను ముగిసినది. 2024 సెప్టెంబరు 1న మొదలైన రెండవ విడతలో, ఏటి కుటుంబాదాయము 9 లక్షలకు మించనివారు, 35 లక్షలకు మించని యింటికి 25 లక్షలకు మించని యప్పు తీసికొన్నచో, మొదటి 8 లక్షలపై 4 శాతపు వడ్డీ రాయితీ, మొత్తము 1 లక్ష 80 వేల వరకు, ఐదు వార్షిక కిస్తులుగా లభించును. ఇందొక ముల్లు కలదు. భారతదేశమున నెచ్చటను పక్కా యిల్లు ఉండరాదు. పలాస దగ్గర తాతగారిచ్చిన డాబా తన పేర నున్న భిలాయి వాసికి ఆ డాబా అనుభవమునకు రాకపోయినను అనర్హతకు వచ్చును.

అమ్ము కవికి ఒక మాట. ఇల్లు 24 నెలలకు మించి తన చేతిలో నుండినచో, లాభముపై 12.5 శాతము పన్ను. 2024 జులై 23కు ముందు కొన్నదైనచో ధరల సూచీతో సవరించి 20 శాతము కట్టు మార్గమును స్వదేశ నివాసికి మిగిల్చిరి. రెండింటిని వేసి చూచి తక్కువదానిని పట్టవలయును. ఆ లాభముతో రెండేండ్లలో విశాఖ మధురవాడలోనో మరెచ్చటనో ఇల్లు కొన్నను, మూడేండ్లలో కట్టుకొన్నను పన్ను తప్పును. రిటర్ను గడువునాటికి కొనలేనిచో సొమ్మును పొదుపు ఖాతాలో నిదురపుచ్చక క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయవలయును. వెల 50 లక్షలు గాని ఆపైని గాని యైనచో 1 శాతము పట్టి ప్రభుత్వమునకు కట్టు భారము కొనువానిది. దానికై ఇరువురును కలహింపనక్కరలేదు, ఆ శాతము కవి పన్ను ఖాతాలోనే జమయగును. కాని ఇల్లు అమెరికాలోని కుమారుని పేర నున్నచో – భిలాయిలో అట్టి యిండ్లు కొల్లలు – 1 శాతము లెక్క చెల్లదు. పట్టవలసినది ఎంతయో హెచ్చు, 50 లక్షల హద్దును లేదు. ఇది తెలియక కట్టనివాడు అమ్మినవాని పన్నును తానే మోయవలసి వచ్చును.

నడుమవారలకు – మధ్యవర్తులకు. ఇచ్చోట – ఈ బేరమున. నడవదు పని – ప్రవేశము లేదు. రెరా క్రింద నమోదైన ప్రాజెక్టులలో ఫ్లాట్లు ఇప్పించు ఏజెంటు తానును నమోదు కావలయును. ఇట్టి పాత యింటి బేరమునకు ఆ నియమము తగులదు గనుక మధ్యవర్తి యెవడైనను కావచ్చును, కిరాణాకొట్టు వాడైనను.

తాత్పర్యము: తూర్పు ద్వారమును పెద్ద గదులును గల యొక యిల్లు అమ్మకమునకు సిద్ధముగ నున్నది, గుడియు బడియు సమీపమున నున్నవి, ధర తగ్గును, దళారులు రావలదు అని భావము.

విశేషము: నాలుగవ పాదము క్రింద నున్న సంఖ్యకు ఫోను చేసి చూచితిని. పలికినవాడు, యజమాని ఊరిలో లేడనియు, తాళము తనయొద్దనే యున్నదనియు, ఎదుటి వరుసలో పడమటిమొగపు టిల్లు గూడ చూపగలననియు, కొన్నవారినుండి తనకు 2 శాతము చాలుననియు సెలవిచ్చెను.