గజం ఎంత?

వియన్నా జనాన్ని తలుచుకుంటే నాకు జాలేస్తుంది. ప్రపంచంలో నివసించడానికి అన్నిటికంటే మంచి ఊరు అదేనని మెర్సర్ అనే సంస్థ 2019 వరకు వరసగా పదేళ్లు చెప్పింది. ఎకనమిస్ట్ వాళ్ల జాబితా కూడా 2022 నుంచి 2024 దాకా మూడేళ్లూ దాన్నే పై మెట్టు మీద కూర్చోబెట్టింది. ఏం లాభం? ఆ ఊళ్లో దాదాపు సగం మంది నగరపాలక సంస్థ కట్టించిన ఇళ్లలోనో, సర్కారు సాయంతో కట్టిన ఇళ్లలోనో అద్దెకుంటారు. 1930లో ప్రారంభించిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే ఒక్క భవనమే కిలోమీటరు పైన పొడుగుంటుంది. అంత పొడుగు బిల్డింగులో ఒక్క ఫ్లాటుకీ ప్రీలాంచ్ ఆఫర్ పెట్టిన పాపాన పోలేదు. పుట్టడం, చదవడం, పెళ్లాడటం, ముసలివాళ్లవడం అన్నీ అద్దింట్లోనే. పోనీ కారైనా కొనుక్కుందురా అంటే, 2012లో ట్రామూ బస్సూ మెట్రో అన్నిటికీ కలిపి ఏడాది పాసు 365 యూరోలు చేసి ఆ ముచ్చటా తీరనివ్వలేదు. అప్పట్లో రోజుకో యూరో! రేపు పిల్లనివ్వడానికి మామగారొస్తే ఏం చూపిస్తారు, బస్ పాసా?

మెర్సర్ జాబితాలో 2019లో మన హైదరాబాద్‌ది 143వ స్థానం. పుణేతో కలిసి దేశంలో మొదటిది. మనం సహజంగానే 'దేశంలో నంబర్ వన్' వరకు చదువుకుని పేపరు మడిచేశాం. ఇంతకీ ఆ జాబితా ఎవరికోసమంటే, విదేశీ కంపెనీల కోసం. తమ ఉద్యోగిని పరాయి ఊరికి పంపితే అక్కడ వాడు పడే అవస్థకు ఎంత అదనపు భత్యం ఇవ్వాలో లెక్కేసుకోవడానికి. ఊరు ఎంత కిందుంటే వచ్చినవాడికి అంత గిట్టుబాటు. అంటే మన 143 వల్ల ఎవరైనా బాగుపడి ఉంటే ఇక్కడికొచ్చిన జర్మన్ మేనేజరే. ఇక్కడే పుట్టి ఇక్కడే అవస్థ పడుతున్నవాడికి భత్యం ఇమ్మని ఏ జాబితా చెప్పలేదు.

కేంద్ర ప్రభుత్వం కూడా సులభ జీవన సూచీ అని ఒకటి వేసింది. 2018లో తిరుపతికి నాలుగో స్థానం, విజయవాడకు తొమ్మిది, హైదరాబాద్‌కు 27. 2020 జాబితాలో బెంగళూరు ఫస్టు. అక్కడి సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఆగిపోయినవాళ్లకు ఆ వార్త మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే తీరిక దొరికే ఉంటుంది. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో కాకినాడ దేశంలోనే నాలుగోది. కాకినాడ వాళ్లకు చెబితే 'అవునండీ, మాకు తెలుసండీ' అని ఇంకో కాజా నోట్లో వేసుకుంటారు.

ఇన్ని సర్వేలు, ఇన్ని కొలమానాలు మనకు దండగ. ఊరు మంచిదో కాదో తేల్చడానికి తెలుగువాడికి ఒక్క ప్రశ్న చాలు: గజం ఎంత? గోదావరి జిల్లాల్లో సెంటు ఎంత అంటారు, అంతే తేడా. బడి ఎలా ఉంది, ఆసుపత్రి ఎంత దూరం, ఆడపిల్ల రాత్రి తొమ్మిదింటికి నడిచి ఇంటికి రాగలదా వంటివన్నీ అందులోనే ఇమిడి ఉంటాయి. ఇమడకపోతే అడగరు. డాలస్‌లో మంచు కురుస్తున్న రాత్రి కూడా మనవాడు ఇంటికి ఫోన్ చేసి 'నాన్నా, బీపీ ఎలా ఉంది' తర్వాత అడిగేది అదే. కొన్నిసార్లు బీపీ కంటే ముందే.

కొందరు చాదస్తులు హైదరాబాద్‌లో ఫుట్‌పాత్‌లు లేవని గొణుగుతుంటారు. గజం లక్షల్లో పలికేచోట మనిషి నడవడానికి రెండు గజాల వెడల్పున ఊరంతా వదిలేయడం ఎంత దుబారా! అక్కడక్కడ పొరపాటున వేసిన ఫుట్‌పాత్‌ను ట్రాన్స్‌ఫార్మరో, మొబైల్ షాపు మెట్లో, మిర్చి బజ్జీల బండో సద్వినియోగం చేస్తున్నాయి. వీటిలో బజ్జీల బండికి మాత్రం నా సంపూర్ణ మద్దతు.

వెనకటివాళ్లకు ఈ దక్షత లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ఊడ్చుకుపోయింది. వేల మంది పోయారు. నిజాం సర్కారు ఏం చేసింది? మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద ఎగువన ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టి, ఇరుకు బస్తీల చోట గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు లేపారు. వరద ఆగింది, తాగునీళ్లొచ్చాయి, గండిపేట నీళ్లు తాగినోడు ఊరొదిలి పోడన్న మాట పుట్టింది. ఇంత చేసి చెరువు గట్టున ఒక్క లేక్ వ్యూ వెంచరైనా వేశారా అంటే, లేదు! ఆ అమాయకత్వాన్ని 1996లో జీవో 111 పెట్టి మరీ పొడిగించారు. రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు వద్దన్నారు. చివరికి 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి ఆ సంకెళ్లు తెంచింది. వాననీళ్లు ఇకమీద ఎటు పోవాలో నిపుణులు నిదానంగా తేలుస్తారు. గజం ఎటు పోతుందో మాత్రం ఆ సాయంత్రానికే అందరికీ తెలుసు.

లేక్ వ్యూ అంటే గుర్తొచ్చింది. మన నిర్మాణ శాస్త్రంలో దీనికి మూడు దశలున్నాయి. మొదట చెరువుంటుంది, వ్యూ ఉండదు. తర్వాత చెరువూ వ్యూ రెండూ ఉంటాయి, ఆ వ్యూకు అదనంగా వసూలు చేస్తారు. ఆ తర్వాత బ్రోచర్‌లో మాత్రమే చెరువుంటుంది. 2020 అక్టోబరు వానలకు కొన్ని చెరువులు తమ పాత చిరునామా వెతుక్కుంటూ వచ్చి కాలనీల మొదటి అంతస్తు దాకా పలకరించి వెళ్లాయి. వాటి దగ్గర రిజిస్ట్రేషన్ కాగితాలు లేవు కాబట్టి కబ్జా కిందే లెక్క. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా అనే సర్కారు సంస్థ వచ్చి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ అనే మాటలు ఇంటింటికీ నేర్పింది. అప్పుడైనా జనం ఆలోచనలో పడ్డారు: బఫర్‌కి అవతలి వైపు గజం ఎంత?

ఈ శాస్త్రానికి పరాకాష్ఠ హైదరాబాద్ శివారు కోకాపేట. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గజం రెండు లక్షల ఎనిమిది వేలు. మామూలు మంచం ఒకటి వేసుకోవాలంటే రెండు గజాల పైనే కావాలి. నాలుగు లక్షలు పెట్టి పడుకున్నవాడికి నిద్ర పడుతుందా అని అడక్కండి. అంత పెట్టింది పడుకోవడానికి కాదు.

ఈ మాట నాకు విడమరిచి చెప్పింది మా బామ్మర్ది. వాడు రియల్ ఎస్టేట్ వ్యాపారంలోనే ఉన్నాడు. మొన్న సైట్ విజిట్ అని ఔటర్ రింగ్ రోడ్డు దాటించి తీసుకెళ్లాడు. ఏసీ బస్సు, దారిలో చాయ్, మధ్యాహ్నం బిర్యానీ. దిగేసరికి కోట గుమ్మమంత కమాను, దానవతల నలభై అడుగుల రోడ్లు, రోడ్లకు అటూ ఇటూ హద్దు రాళ్లు. అన్ని ప్లాట్లూ అయిపోయాయట, నాకోసం ఈస్ట్ ఫేసింగ్ బిట్టు ఒకటి ఆపి ఉంచాడట.

"నీళ్ల సంగతేంట్రా?" అన్నాను.

"నీకెందుకు బావా నీళ్లు? నువ్వేమన్నా ఇక్కడ ఉంటావా?"

"మరెవరుంటారు?"

"నీ దగ్గర కొన్నోడు."

"వాడుంటాడా?"

"వాడెందుకుంటాడు? వాడి దగ్గర కొన్నోడుంటాడు. అప్పటికి గజం యాభై వేలు దాటుద్ది."

బడి, దవాఖానా, బస్సు సంగతి ఇక అడగలేదు. నిజానికి నగర జీవనంలోని సమస్యలన్నిటికీ ఇంత శుభ్రమైన పరిష్కారం వియన్నా వాళ్లకు కూడా తట్టలేదు. మనుషులే లేకపోతే ట్రాఫిక్ ఎక్కడిది, మురుగు ఎక్కడిది, నీళ్ల ట్యాంకరు కోసం కొట్లాట ఎక్కడిది? ఐదొందల ప్లాట్లు అమ్ముడుపోయిన ఆ ఊళ్లో కాపురం ఉంటున్నది వాచ్‌మన్ ఒక్కడే. రేకుల గుడిసె, భార్య, ఇద్దరు పిల్లలు. బోరు ఎండిపోయిందని పక్క ఊరి నుంచి సైకిలు మీద బిందెలు తెచ్చుకుంటున్నాడు. పిల్లలు బడికి హైవే దాటి వెళ్తారు. కేంద్రం వేసిన ఆ సూచీలో పౌరుల అభిప్రాయానికే 30 శాతం మార్కులు కదా, ఈ ఊరికి సర్వే వాళ్లొస్తే అడగడానికి ఉన్న పౌరుడు వీడొక్కడేనని బామ్మర్దికి చెప్పాను.

"వాడినా? వచ్చే వారం ఖాళీ చేయిస్తున్నాం బావా" అన్నాడు. "గుడిసె సరిగ్గా ఈశాన్యంలో పడింది. పార్టీలు ఒప్పుకోవట్లేదు."