అంతులేని బొమ్మపై ఒక పెన్షనరు మొర

మహాప్రభో, ఇది ఖరగ్‌పూర్ మలంచాలో ఉంటున్న ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి మొర. ఎవరికి పెట్టుకోవాలో తెలియక అందరికీ పెట్టుకుంటున్నాను.

రాత్రయ్యాక ఇంటిల్లిపాదీ పడుకుంటాం. మనవడి కంప్యూటరు మాత్రం మేలుకుని రొప్పుతూ ఉంటుంది. ఏమిట్రా అంటే "రెండర్ అవుతోంది తాతా" అంటాడు. ఆపరా అంటే, మధ్యలో ఆపితే రాత్రంతా చేసింది గంగపాలట!

వాడు చేసేది ఫ్రాక్టల్ బొమ్మ. కుంచె లేదు, పెన్సిల్ లేదు, ఒక్క సూత్రం. బెన్వా మాండెల్‌బ్రాట్ అనే పెద్దమనిషి ఐబీఎంలో ఉండగా 1980లో దీన్ని కంప్యూటరు చేత గీయించాడు. తెర మీద ఒక్కో చుక్కకీ ఒక సంఖ్య. సున్నాతో మొదలెట్టి, దాన్ని వర్గం చేసి చుక్క సంఖ్య కలపాలి. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి మళ్లీ కలపాలి. పరిమాణం 2 దాటితే ఆ చుక్క పరారీ. ఎన్నో అడుగులో పరారయిందో చూసి రంగు వేస్తారు. ఎంతకీ పరారీ కానిదానికి నలుపు. అడ్డం 4000, నిలువు 4000 అంటే కోటీ అరవై లక్షల చుక్కలు. లోపలికి జూమ్ చేసేకొద్దీ ఒక్కోదాన్ని వేల సార్లు, లక్ష సార్లు తిప్పాలి. తిప్పుడు వాడిది, కరెంటు నాది.

పోనీ ఎంత లోపలికి వెళ్లినా కొత్తదేమైనా కనపడుతుందా? తోకలు, సుడులు, వాటి మధ్య మళ్లీ అదే నల్ల బొమ్మ పిల్లరూపంలో. ఏ లైనైనా ఎక్కడో ఓ చోట ఆగాలని నేర్చుకున్నవాణ్ణి, ఇదేం లైను?

అసలు గాయం వేరే ఉంది. మా ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని చుట్టాలకి చెప్పుకుని బతికాం. 2013లో గోరఖ్‌పూర్ కొట్టేసింది. 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో దాన్నీ కొట్టేసింది. ఓ సాయంత్రం ఇదంతా వాడి ముందు వాపోతే, "అంతేనా తాతా" అన్నాడు. 1904లో స్వీడన్ లెక్కల మాస్టారు కోఖ్ చెప్పిన చిట్కా ఉందిట. గీతను మూడు భాగాలు చేసి నడిమి ముక్క తీసేసి, అక్కడ ముక్కోణపు మొన నిలబెడితే పొడవు నాలుగు బై మూడు రెట్లవుతుంది. మన ప్లాట్‌ఫాం అంచుకి ఒకసారి చేస్తే 1430, గోరఖ్‌పూర్ ఔట్. ప్రతి ముక్కకీ ఇంకోసారి చేస్తే సుమారు 1907, హుబ్బళ్లి ఔట్. అలా చేసుకుంటూ పోతే హద్దే లేదట. బోగీ గుమ్మానికీ పళ్లచక్రంలాంటి ఆ అంచుకీ మధ్య జనం ఎలా దూకాలని అడిగాను. అది ఇంజనీర్లు చూసుకుంటారట!

మా ఆవిడైనా నా పక్షమనుకున్నాను. మెలికల ముగ్గులకి సిరోమణి దంపతులు 1970లలోనే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో కంప్యూటరు వ్యాకరణం రాశారని వాడు ఆవిడ చెవిలో ఊదాడు. అంతే! ఇప్పుడు పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి ఫోటో తీయించుకుని, వాడి బొమ్మకి రంగులు కూడా తనే చెబుతోంది. పాత కంప్యూటరు నెమ్మదిగా ఉందని, పండక్కి కొత్తది కొనమని ఇద్దరూ కలిసి నాకే అర్జీ పెట్టారు. అందులో నా సంతకానికి చోటు కూడా వదిలారు.